గోల్ఫ్ అలైన్‌మెంట్‌ను ‘వాటం’ అనవచ్చా?

ప్రశ్న: గోల్ఫ్ నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. కొట్టే ముందు పాదాలు, తుంటి, భుజాలు ఎటు తిరిగి ఉన్నాయో సరిచూసుకోవడాన్ని అలైన్‌మెంట్ అంటారు. ‘శరీర సమరేఖనం’ అని రాస్తే ఇంట్లోవాళ్లే నవ్వారు. ‘ఒంటి వాటం’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు: మాట చక్కనిదే కానీ ఇక్కడ కొంప ముంచుతుందండీ. ఎడమచేతి వాటం, గాలివాటం, ఏది తీసుకున్నా తనంతట తాను ఒరిగే వైపు అనే కదా అర్థం? ‘వాటంగా కూర్చో’ అంటే సుఖంగా కూర్చోమని. గోల్ఫ్‌లో చిక్కంతా ఆ సుఖంతోనే. కుడిచేతి ఆటగాడు తనకు వాటంగా, ఎడమ భుజం జెండాను (బంతి చేరాల్సిన గుంతలో పాతిన గుర్తును) చూపేలా నిలబడతాడు. అప్పుడు ఒళ్లు అక్కరకు మించి కుడికి తిరుగుతుంది. బంతి అటే పోతుందని లోపల తెలుస్తూనే ఉంటుంది కాబట్టి చేతులతో ఎడమకు లాగుతాడు. స్వింగ్, అంటే క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ఊపే తీరు, చెడేది అక్కడే.

శిక్షకులు రైలు పట్టాలను చూపిస్తారు. బయటి పట్టా మీద బంతి, దాని కొసన జెండా. లోపలి పట్టా మీద పాదాలు. రెండూ కలవవు. అందుకే సరిగ్గా నిలబడ్డవాడికి తన ఒళ్లు జెండాకు ఎడమగా ఉన్నట్టు అనిపిస్తుంది, అది వాటంగా తోచదు!

మరొకరు: విలుకాడు నిలబడే భంగిమలకు అమరకోశంలో ‘స్థానాలు’ అని పేరుంది: ఆలీఢం, ప్రత్యాలీఢం వగైరా ఐదు. అది పనికిరాదా?

జవాబు: ఆలీఢం ఏ కాలు ముందుకు, ఏ కాలు వెనక్కి అన్న సంగతి చెబుతుంది. అది స్టాన్స్‌కు, అంటే కాళ్లు పెట్టి నిలబడే తీరుకు, దగ్గర. ఒళ్లు ఎటు చూస్తోందన్నది వేరే ప్రశ్న. నన్నడిగితే శీర్షికలో అలైన్‌మెంట్ అనే ఉంచి, లోపల క్రియలతో నడిపించండి: ‘క్లబ్ ముఖాన్ని (బంతికి తగిలే వైపును) గురికి తిప్పు, ఒంటిని బంతి నుంచి గురికి పోయే గీతకు సమాంతరంగా నిలుపు’. పేరుమోసిన అమెరికా గోల్ఫ్ ఆటగాడు జాక్ నిక్లాస్ అలవాటు కూడా చేర్చండి. ఆయన దూరపు జెండాను నమ్ముకోకుండా, బంతికి కొన్ని అడుగుల ముందు గడ్డిలో ఒక గుర్తు ఎంచుకుని ముఖాన్ని దానికి సరిచేసేవారు. సాధనలో నేల మీద కర్ర పరుచుకోవచ్చు, పోటీలో కుదరదు. 2019 నిబంధనలు వచ్చాక, ఆటగాడు నిలబడుతుండగా కేడీ (అతని క్లబ్‌లు మోసే సహాయకుడు) వెనక నిలబడి గీత చూడటమూ కుదరదు.

అడిగినవారు: సరేనండీ. మరి ‘వాటం’ వదులుకోవలసిందేనా?

జవాబు: ఎందుకు? పుట్టింగ్, అంటే బంతిని నేల మీద గుంతలోకి దొర్లించడం, ఆ అధ్యాయానికి దాచుకోండి. గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి నేల) ఎటు వాలిందో చెప్పడానికి ‘నేల వాటం’ కన్నా మంచి మాట లేదు.