సమస్య: "పిట్ట లేని గూడు పిల్ల గనియె"

నిర్వహణ: ఈ వారం ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు రాసి, ఈ వింత మాటకు అర్థం కుదిరేలా పూరించాలి. ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు): పిట్ట, లేని, గూడు, పిల్ల, గనియె. యతి (పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి మైత్రి) పి–పి. అరసున్న కావాలనే పెట్టలేదు, ఎందుకన్నది మీరే పట్టుకోండి. ఇతివృత్తం పెరటి పక్షులు, పాత బాటలు, చదువు. మూడింటిలో ఏదైనా సరే.

నిమ్మచెట్టు:

పెరటి నిమ్మకొమ్మఁ బిగిలిపిట్టలు గట్టు
గిన్నెలోన రెండు కీచుమనెడు
కూన లెగిరిపోవఁ గొమ్మలు తొలగించి
పిట్ట లేని గూడు పిల్ల గనియె

ఛందోవైద్యుడు: అరసున్న గుట్టు విప్పారు. "పిల్లను + కనియె" అనుకుంటే ద్రుతం (చివరి నకారం) వల్ల "పిల్లఁ గనియె" అవుతుంది, అప్పుడు గూడే బిడ్డను కన్నట్టు. "పిల్ల + కనియె" అనుకుంటే ప్రథమావిభక్తి మీది పరుషానికి (క, చ, ట, త, ప) గసడదవాదేశం (వాటి చోట గ, స, డ, ద, వ) వచ్చి "పిల్ల గనియె" అవుతుంది. అప్పుడు ఆడపిల్ల ఖాళీ గూడు చూసిందని అర్థం, చిక్కే లేదు. ఈ ఆదేశం బహుళం (ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు) కాబట్టి "పిల్ల కనియె" అన్నా తప్పు కాదు. ఇచ్చిన పాదం మార్చకూడదు గనుక "గ"నే ఉంచాలి.

పెరటి–బిగిలి యతి కూడా సరే. ప–బ మైత్రి, ఎ–ఇ మైత్రి.

కాకిగోల: పద్యం బాగుంది, పిట్ట విషయంలో ఒక్క సవరణ. పిగిలిపిట్ట (బుల్‌బుల్) కూనలు సుమారు 12 రోజులకే గూడు వదులుతాయి. అప్పటికి రెక్కలు పూర్తిగా రావు. పొదల్లోకి దూకి కూర్చుంటే తల్లీతండ్రీ అక్కడికే మేత తెస్తాయి. "ఎగిరిపోవ" తీసి "కూన లుఱికిపోవ" అనండి. లెగిరి, లుఱికి రెండూ నగణాలే, గణం చెడదు. కొమ్మలు తొలగించడం కూనలు పోయాక పెట్టారు, అదీ మంచిదే. లోపల ఉండగా కదిపితే బెదిరి రెండు మూడు రోజుల ముందే దూకేస్తాయి, పిల్లి పాలవుతాయి.

నా పూరణ:

కాకి తొలఁగు వేళఁ గోకిల గ్రుడ్డిడెఁ
దనదె యనుచుఁ గాకి తానె పొదిగె
గూడు కట్టనట్టి కోయిల వంశాన
పిట్ట లేని గూడు పిల్ల గనియె

నిమ్మచెట్టు: మొదటి పాదంలో యతి పోయిందండీ. కా–గో. హల్లు సరే, ఆ–ఓ అచ్చులకు మైత్రి లేదు కదా?

ఛందోవైద్యుడు: పోలేదమ్మా. కాకి–గోకి, రెండో అక్షరం కకారమే, దాని ముందు రెండు చోట్లా గురువే. అది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం. ఆటవెలదికి, తేటగీతికి, సీసానికి చెల్లుతుంది. ఇదే పాదపు వాలకం కందంలో రాస్తే మాత్రం తప్పే.

అసలు తప్పు మూడో పాదం చివర ఉంది. "వంశాన" సప్తమి, ద్రుతాంతం. దాని తర్వాతి పరుషం సరళం (గ, జ, డ, ద, బ) కావాలి, అంటే "బిట్ట లేని గూడు" అవుతుంది, సమస్యే మారిపోయింది! సమస్యకు ముందు పాదాన్ని న, కు, లో, పోవ వంటి వాటితో ముగిస్తే ఎప్పుడూ వచ్చే తంటా ఇదే. పైగా పక్కన గ్రాంథికం నడుస్తుంటే "వంశాన" వ్యావహారికం, ఎడంగా కనబడుతోంది. "కోయిల కొఱకయి" అంటే ఆ పాదం చివర కావలసిన రెండు ఇంద్రగణాలు, భగణం, నలం కుదురుతాయి, ద్రుతమూ ఉండదు.

అన్వయం కూడా చూడండి. రెండో పాదంలో కాకి పొదుగుతోంది, నాలుగో పాదంలో పిట్ట లేదంటున్నారు.

కాకిగోల: "కొఱకయి" తీసుకుంటున్నాను. అన్వయానికి, "పిట్ట" అంటే కన్నపిట్ట అనే నా భావం. కోయిల గుడ్డు 12–14 రోజుల్లో పగులుతుంది, కాకి గుడ్డుకు 16 రోజులు దాటాలి. అందుకే ముందు నోరు తెరిచేది కోయిల కూనే, మేతలో మొదటి వాటా దానిదే. కన్నతల్లి మాత్రం గూట్లో ఉండదు.

ఇంకో మాట, "కోకిలమ్మ పాడె" అని రాయకండి. కూ అని పాడేది నల్లటి మగది. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కిక్ కిక్‌మంటుంది. మన కవులకు ఈ మాట ఎక్కడం లేదు.

పాతబాట:

బందరునకుఁ బోవు బాటసారులు డిగ్గు
రాతి గదుల వరుస రాలిపోక
నిలిచె, నందు దీపనిలయమౌ గోడల
పిట్ట లేని గూడు పిల్ల గనియె

ఇది హయత్‌నగర్ సరాయి (బాటసారుల సత్రం). గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు బట్టలు, వజ్రాలు వెళ్ళిన దారి మీద ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావర్నియే తిరిగిందీ ఈ దారులే. ఊరికి ఆ పేరు గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కూతురు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయత్ బక్షీ బేగం వల్ల వచ్చింది.

ఛందోవైద్యుడు: ఈ వారానికి ఇదే నాకు నచ్చిన పూరణ. గూడంటే గోడలో దీపపు గూడు! "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అనే మనకు ఇంతవరకు తట్టలేదు. "నిలిచెన్ + అందు" కాబట్టి "నందు" సరైనదే.

కొత్తచేయి: మొదటి ప్రయత్నం, క్షమించాలి.

గడ్డిపోచ తెచ్చి గిజిగాఁడు వేలాడ
సగము గూడు గట్టి సైఁగ సేయ
నాలు రాక మాన నాశ లుడిగినట్టి
పిట్ట లేని గూడు పిల్ల గనియె

ఛందోవైద్యుడు: గ–గి, అకార ఇకారాలకు యతి కుదరదు. ఇక్కడ ప్రాసయతీ లేదు: డ్డ, జ. "గడ్డిపోచ తెచ్చి గాలిలో గిజిగాఁడు" అనండి. "సేయన్" తర్వాత "ఆలు"ను (భార్యను) "నాలు" చేశారు, బాగుంది, పాదాల మధ్య సంధి చాలామంది మరిచిపోతారు.

కాకిగోల: గిజిగాడు కథ నిజమే తమ్ముడూ. మగది సగం అల్లి, రెక్కలాడిస్తూ పిలుస్తుంది, ఆడది వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే ఆ గూడు అలాగే వేలాడుతుంది. కానీ ఇది పెరటి పిట్ట కాదు. వానాకాలంలో చెరువు గట్ల ఈతచెట్లకు, తుమ్మలకు వెతకాలి.

కొత్తచేయి: సవరించానండీ. మరి "గాలిలో" తర్వాత అరసున్న అక్కర్లేదా?

ఛందోవైద్యుడు: తర్వాత ఉన్నది గకారం, అప్పటికే సరళం. వదిలేయండి.