తామరకి మూడు మందులు కలిసిన ఆయింట్‌మెంట్: షాపులో అడిగి కొనుక్కోవడం తప్పా?

కాలవగట్టు:
మాది భీమవరం పక్క పల్లెటూరు. నాన్నగారికి ఊడ్పులప్పటి నుంచి గజ్జల్లో తామర. పొద్దున చేలో, సాయంత్రం రొయ్యల చెరువు మీద, ఎప్పుడూ తడి లుంగీయే. షాపాయన ఇచ్చిన ట్యూబు రాస్తే రెండో రోజుకే దురద పోతుంది, మానేస్తే పది రోజుల్లో ఇంకా పెద్దదై వస్తుంది. ట్యూబు మీద క్లోబెటసాల్ (స్టెరాయిడ్), నియోమైసిన్ (యాంటీబయాటిక్), మైకోనజోల్ (ఫంగస్‌ని చంపే మందు) అని ఉంది. అన్నీ ఉన్నాయి కదా, మరి తగ్గదేం?

కొబ్బరితోట:
మా ఇంట్లో ఏళ్లుగా అదే వాడతాం, ఎవరికీ ఏం కాలేదు. అమలాపురం వెళ్లి స్కిన్ డాక్టరుకి చూపించుకోవాలంటే ఓ రోజు కూలి, బస్సు చార్జీ, ఫీజు, పైగా సాయంత్రం దాకా పడిగాపులు. ఇక్కడ కూర్చుని స్టెరాయిడ్ స్టెరాయిడ్ అని హడలగొట్టేవాళ్లు ఆ డబ్బులిస్తారా?

పాత ఫార్మసిస్టు:
డబ్బుల మాట నిజమే, కాదనను. కానీ తమ్ముడూ, దురద పోవడం వేరు, తామర పోవడం వేరు. దురద, ఎరుపు అనేవి ఒంట్లో రక్షణ వ్యవస్థ ఫంగస్‌తో పోరాడుతున్నందుకు వచ్చేవి. క్లోబెటసాల్ ఆ పోరాటాన్నే పడుకోబెడుతుంది, అదేమో స్టెరాయిడ్ క్రీముల్లోకెల్లా ఘాటైన రకం, ఫంగస్ హాయిగా పాకుతుంది. గుండ్రటి అంచు కూడా చెరిగిపోయి డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. గజ్జల్లో చర్మం పల్చన, మందు ఎక్కువ ఇంకుతుంది, చారలు పడితే జన్మలో పోవు. 2018లో ఈ క్రీములకి డాక్టరు చీటీ తప్పనిసరి చేస్తూ షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో పెట్టారు. అయినా అడిగితే ఇచ్చేస్తారు, నేనూ ఇచ్చినవాణ్ణే, దాచడం ఎందుకు.

పాపాయి అమ్మ:
ఒక్క మాటండీ. మా పాపకి మోచేతి మడతల్లో ఎగ్జిమా. మీలాంటి వాళ్ల మాటలు విని స్టెరాయిడ్ అంటే భయపడి పసుపూ వేపాకూ రాస్తూ కూర్చున్నాను, గోకి గోకి రసి కారి చీము పట్టింది. చివరికి డాక్టరుగారు ఇచ్చింది యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన క్రీమే! వారం రాయించి ఆపించారు, తగ్గింది. దీనికేమంటారు?

పాత ఫార్మసిస్టు:
ఆ డాక్టరు చేసింది కరెక్టమ్మా. ఎగ్జిమాలో అసలు జబ్బే వాపు, చీము తర్వాత చేరింది, కాబట్టి కొద్ది రోజులు రెండూ కావాలి. తామరలో జబ్బే ఫంగస్. పైకి రెండూ ఎర్రగానే కనబడతాయి, అక్కడే మన షాపుల్లో బోల్తా పడేది. కాలవగట్టు గారూ, ఆ ట్యూబు ఆపితే కొన్నాళ్లు మంట, దురద ఎక్కువవుతాయి, తట్టుకోలేక మళ్లీ రాయొద్దు. ఇన్నాళ్లది కాబట్టి ఒక్క పైపూతతో పోకపోవచ్చు, మాత్రలు కూడా వాడాల్సి రావచ్చు, డాక్టరుకి చూపించండి. ట్యూబు కూడా తీసుకెళ్లండి.

కొబ్బరితోట:
సరే, నాలుగు ట్యూబుల డబ్బు కలిపితే ఓ ఫీజు అయ్యేలానే ఉంది. కానీ షాపాయన్ని అనకండి, రాత్రి పదింటికి తలుపు తీసేది ఆయనొక్కడే.

కాలవగట్టు:
చూశానండీ, తొడ లోపల గోరుతో గీసినట్టు చారలున్నాయి. సోమవారం తీసుకెళ్తున్నా. ఇంకోటి, అమ్మకి నడుం దగ్గర మొదలైందట, ఇవాళే చెప్పింది. నాన్న ట్యూబే తనూ రాసుకుంటోంది.