పొడపత్రి సారంతో షుగర్ దిగింది, ఇక మాత్రలు మానవచ్చా?

ప్రశ్న – పెద్దకూతురు
మా నాన్నగారికి 62 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, పొద్దున టిఫినుకు ముందు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. రెండు నెలల క్రితం తిరుపతి వెళ్లినప్పుడు తెలిసినవారొకరు ఆయన చేత పొడపత్రి ఆకు నమిలించి, వెంటనే చిటికెడు పంచదార నాలుక మీద వేశారట. తీపే తెలియలేదనీ, ఇసుక నోట్లో వేసుకున్నట్లుందనీ ఇంటికి వచ్చి మాకందరికీ చెప్పారు. నాలుక మీది తీపిని చంపిన ఆకు రక్తంలోని తీపిని చంపదా అన్నది ఆయన వాదన. అప్పటినుంచి మాత్రలతో పాటు పొడపత్రి సారం క్యాప్సూల్స్ వేసుకుంటున్నారు. పరగడుపు షుగర్ 160 నుంచి 128కి దిగింది. ఇప్పుడు మాత్రలు పూర్తిగా మానేస్తానంటున్నారు. వచ్చే నెలలో కంటి శుక్లం ఆపరేషన్ కూడా ఉంది. ఆయన నమ్మకాన్ని నొప్పించకుండా ఏమని చెప్పాలి?

జవాబు – మందుమొక్కల పంతులు
అమ్మా, నేను ఫార్మసీ విద్యార్థులకు మందుమొక్కల గురించి పాఠం చెబుతాను. మీ నాన్నగారి అనుభవం నిజమే, కానీ దాని నుంచి ఆయన తీసిన అర్థం సరికాదు. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలను కాసేపు పట్టి ఉంచుతాయి, అందుకే పంచదార చప్పగా అనిపిస్తుంది. రక్తంలో ఏం జరుగుతుందన్నది వేరే ప్రశ్న, దానికి వేరే రుజువు కావాలి.

ఆ రుజువు బొత్తిగా లేదనను. 1990లో మద్రాసు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, మాత్రలు వాడుతున్న 22 మందికి రోజుకు 400 మిల్లీగ్రాముల పొడపత్రి సారాన్ని 18 నుంచి 20 నెలల పాటు ఇచ్చారు. వారిలో ఐదుగురు మాత్రలు మానగలిగారు. అయితే ఉత్తుత్తి గుళికతో, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా పోల్చి చూసిన పరీక్ష కాదది. పైగా మిగిలిన 17 మంది మాత్రలు మానలేకపోయారన్నది కూడా అదే అధ్యయనం చెప్పే సంగతి, కాని దాన్ని ఎవరూ ప్రచారం చేయరు.

ఒక్క మాట మీ నాన్నగారికి తప్పక చెప్పండి. ఆయన మానేస్తానంటున్న మెట్‌ఫార్మిన్‌కు కూడా మూలం ఒక మొక్కే. గలేగా అనే ఐరోపా మొక్కలోని గలెజిన్ చక్కెరను తగ్గించేది, కానీ మనిషికి విషం. దానికి దగ్గరి రసాయనాల కోసం వెతికినవారికి, 1922లోనే ప్రయోగశాలలో తయారైన మెట్‌ఫార్మిన్ పనికొచ్చింది. పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని రోగులకు ఇచ్చి 1957లో ఫలితాలు ప్రకటించారు. ఇప్పుడు షుగర్‌కు వాడే డపాగ్లిఫ్లోజిన్ వంటి మందులకు కూడా 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్ దారి చూపింది. మొక్క మీద నమ్మకం తప్పు కాదు. మాత్రలో ఎంత మోతాదు ఉందో మనకు తెలుసు, ఆకులో ఆమ్లాల మోతాదు మాత్రం నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారిపోతుంది.

జవాబు – నల్లమల వాసి
నాకు జరిగినది చెబుతాను. గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటూనే నెల రోజులు పొడపత్రి పొడి, పరగడుపున కాకర రసం తాగాను. ఒకనాటి తెల్లవారుజామున చొక్కా తడిసేంత చెమట పట్టి, చేతులు వణుకుతుండగా లేచాను. మా ఆవిడ మీటరు పెట్టి చూస్తే 52. గ్లూకోజు నీళ్లు తాగాక పావుగంటకు గానీ మనిషిని కాలేదు. ఆకుకు శక్తి ఉందని నమ్మేవారు అది మాత్రతో కలిస్తే రెట్టింపు దెబ్బ అవుతుందని కూడా నమ్మాలి. మీ నాన్నగారి దగ్గర మీటరు ఉంచండి. తెల్లవారుజామున ఒకటి రెండు సార్లు చూడండి.

జవాబు – మెంతికూర
పరగడుపు అంకె ఒక్కటే చూసి నిర్ణయించకండి, ఆ రెండు నెలల్లో అన్నం తగ్గించి ఉన్నా అది దిగుతుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ చేయించండి. సారం కన్నా ఆహారంగా తినేదే నాకు నిబ్బరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు రోజుకు 25 గ్రాముల మెంతులు ఇచ్చి పరీక్షించారు. మెంతుల్లోని జిగురు పీచు పేగులో చక్కెర పీల్చుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. మూలికలన్నీ నిరపాయమనుకోవడం కూడా పొరపాటే. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న సంగతి ముంబై వైద్యులు ప్రచురించారు.

పెద్దకూతురు
గలేగా సంగతి నాన్నగారికి చదివి వినిపించాను. మెట్‌ఫార్మిన్ డబ్బాను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. రక్త పరీక్షకు ఒప్పుకున్నారు. ఆపరేషన్‌కు ముందు క్యాప్సూల్స్ ఆపాలా?

మందుమొక్కల పంతులు
అది మీ కంటి వైద్యుడూ, షుగర్ వైద్యుడూ కలిసి చెప్పాలి. ఆపరేషన్‌కు రెండు మూడు వారాల ముందే, మాత్రల చీటీతో పాటు ఆ క్యాప్సూల్ డబ్బాను కూడా సంచిలో వేసుకుని వెళ్లండి. జిమ్నెమిక్ ఆమ్లాల శాతం డబ్బా మీద రాసి లేకపోతే ఆ మాట కూడా వారికి చెప్పండి.