మొదటి వారం అందరూ కలిసే తొక్కాలా, ఎవరి వేగంతో వాళ్లు వెళ్లాలా?

కొండమలుపు:
తొమ్మిది మందిమి నెలన్నర సైకిల్ యాత్రకు బయలుదేరుతున్నాం. సామానంతా సైకిళ్ల మీదే, వెనక బండి లేదు. రూటు, గుడారాలు, సెలవులు అన్నీ కుదిరాయి కానీ ఒక్క దగ్గర పీటముడి పడింది. మొదటి వారం అందరం ఒకే గుంపుగా, అందరికంటే నిదానంగా తొక్కేవాళ్ల వేగంతోనే వెళ్లాలని కొందరు. పొద్దున బయలుదేరి ఎవరి వేగంతో వాళ్లు వెళ్లి, సాయంత్రం బస దగ్గర కలుసుకుందామని మిగతావాళ్లు. బయలుదేరకముందే మాటా మాటా పెరుగుతోంది. మీరైతే ఏం చేస్తారు?

ఎదురుగాలి:
ఎవరి వేగంతో వాళ్లు. ఇందులో ఆలోచించడానికేముంది? తొమ్మిది సైకిళ్లు వరసగా వెళ్తుంటే ముందున్న మనిషి గుంట చూసి కాస్త బ్రేకు వేసినా చివరి మనిషి దాదాపు ఆగిపోవాల్సిందే. ముందు మళ్లీ పుంజుకుంటే వెనకవాళ్లు ఆయాసపడుతూ అందుకోవాలి. రోజంతా ఇదే తంతు. ఫోటో తీసుకోవాలన్నా అందరి పర్మిషన్ కావాలి. 2003లో మొదలైన టూర్ డాఫ్రిక్ చూడండి, కైరో నుంచి కేప్‌టౌన్ దాకా సుమారు 12,000 కిలోమీటర్లు. అందులో ఎవరి వేగం వాళ్లదే, సాయంత్రం క్యాంపులో కలుస్తారు.

పాతచైను:
ఆ టూర్‌లో సామాను మోయడానికి లారీలుంటాయి, ఎవరూ వెనకబడి తప్పిపోకుండా అందరి చివర వచ్చే స్వీప్ ఉంటారు. ఇక్కడ వెనక బండే లేదని ప్రశ్నలోనే ఉంది కదండీ. పోలిక కావాలంటే 1897 చూడండి. అమెరికా సైన్యంలోని 25వ పదాతి దళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు, లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ వెంట, మోంటానాలోని మిజౌలా నుంచి సెయింట్ లూయిస్‌ దాకా దాదాపు 3,000 కిలోమీటర్లు 41 రోజుల్లో వెళ్లారు. మొదటి రోజుల్లోనే వాన, బురద. చక్రాలు కదలక సైకిళ్లు నెట్టుకుంటూ నడవాల్సి వచ్చింది. అలాంటి చోట ఎవరికి వారే అంటే కుదిరేదా?

అసలు నా బాధ వెనకబడేవాళ్ల గురించి కాదు, ముందు పరిగెత్తేవాళ్ల గురించి. కొత్తలో మంచి ఊపు మీదుంటారు. ఊపిరి, తొడ కండరాలు తొందరగానే అలవాటు పడతాయి. మోకాలి చిప్ప కింద ఎముకను పట్టి ఉంచే గట్టి పట్టీ (టెండన్) అంత తొందరగా బలపడదు. బరువైన సామానుతో, పెద్ద గేరులో విరగదీసి తొక్కినవాళ్లే నాలుగో రోజు మోకాలు పట్టుకుని కూర్చుంటారు. నిదానంగా తొక్కేవాళ్లు పక్కన ఉండటం వాళ్లకే మంచిది.

మైలురాయి:
గుంపుగా వెళ్తే గాలి కూడా తగ్గుతుందిగా? రేసుల్లో అందుకేగా ఒకరి వెనక ఒకరు వెళ్తారు.

ఎదురుగాలి:
రేసు వేగం వేరు. సామానుతో గంటకు 15 కిలోమీటర్లు వెళ్తున్నప్పుడు, ఎదురుగాలి ఉంటే తప్ప (నేను కాదు, నిజం గాలి) దాంతో పెద్దగా కలిసొచ్చేదేం లేదు. పైగా బరువున్న సైకిల్ చప్పున ఆగదు. ముందు సైకిల్ వెనక చక్రానికి మీ ముందు చక్రం తగిలితే పడేది మీరే.

నీలిహెల్మెట్:
ప్రతి గుంపులోనూ చివర వచ్చే మనిషిని నేను, నా గోడు కూడా వినండి. ముందువాళ్లు కూడలి దగ్గర ఆగి, నీళ్లు తాగి, కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. నేను చేరగానే "హమ్మయ్య, వచ్చేసింది, పదండి" అంటూ లేస్తారు. విశ్రాంతి అక్కర్లేనివాళ్లకి అరగంట, కావాల్సిన నాకు సున్నా. మీరు ఏ పద్ధతైనా పెట్టుకోండి, విరామం లెక్క మాత్రం ఆఖరి మనిషి సైకిల్ దిగాకే మొదలవ్వాలి.

ఇంకొకటి. మొదటి రోజుల్లో వచ్చేవన్నీ చిన్న చిన్న తేడాలే. కుదుపులకి క్యారియర్ బోల్టు వదులవుతుంది. హ్యాండిల్ మీద బరువంతా వేస్తే అరచెయ్యి నొక్కుకుపోయి ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతాయి. మోకాలు ముందువైపు నొప్పెడితే చాలాసార్లు సీటు కిందికి ఉన్నట్టు, వెనకవైపు నొప్పెడితే మరీ పైకి ఉన్నట్టు. సీటు మరీ ఎత్తుగా ఉంటే తొక్కేటప్పుడు నడుం అటూ ఇటూ ఊగుతుంది. అది తొక్కేవాళ్లకి తెలియదు, వెనక వచ్చేవాళ్లకే కనిపిస్తుంది. ఎవరి దారిన వాళ్లు పోతే చూసేదెవరు?

ఎదురుగాలి:
చూడటానికి ఒక్కరు చాలు, ఎనిమిది మంది అక్కర్లేదు. దగ్గర దగ్గర వేగం ఉన్నవాళ్లు జంటలుగా వెళ్లండి. తొమ్మిది మంది కాబట్టి ఒకచోట ముగ్గురు. రోడ్డు చీలిన ప్రతిచోటా, వెనక జంట కనిపించేదాకా ముందు జంట ఆగాలి. ఇంతకంటే నేను దిగిరాను.

పాతచైను:
ఇంతమాత్రం దిగొచ్చారు, సంతోషం. మరి పంపు, చైన్ టూల్ ఎవరి దగ్గరుంటాయి? ముందు జంట దగ్గరుంటే వెనక పంక్చరైనవాళ్లకేం లాభం? ఆ సంచి చివరి జంటతోనే ఉండాలి. చైన్ తెగితే కలపగలిగే మనిషి కూడా అక్కడే ఉండాలి.

కొండమలుపు:
ఆ పని వచ్చింది మాలో ఇద్దరికే. ఇద్దరూ అందరికంటే ముందుండే రకం. ఒకతనైతే "నా యాత్ర నేను చేసుకోవడానికి వస్తున్నా, కాపలా కాయడానికి కాదు" అనేశాడు.

నీలిహెల్మెట్:
అయితే ట్యూబు మార్చడం, చైన్ కలపడం మిగతా ఏడుగురికీ నేర్పమనండి. అందరికీ వచ్చేదాకా చివర వాళ్లిద్దరే, రోజు మార్చి రోజు.