133 పెద్దదా, 80 పెద్దదా? పాత డిస్కు ఇంటర్‌ఫేస్‌ల పట్టికపై చర్చ

పాతపెట్టె: పాత డిస్కు ఇంటర్‌ఫేస్‌ల (డిస్కుని కంప్యూటర్‌కి కలిపే పద్ధతుల) వేగాలు ఒక పట్టికగా వేస్తున్నాను, తప్పులుంటే చెప్పండి. సెకనుకు ఎంబీల్లో: ఎస్‌టీ-506 (ఎంఎఫ్‌ఎం) 0.625, మొదటి స్కజీ (ఎక్కువగా సర్వర్లలో వాడింది) 5, ఐడీఈ (ఇళ్లలోని పీసీల్లో వాడింది) పీఐఓ మోడ్-4, అంటే ప్రాసెసరే డేటా మోసేది, 16.7, ఐడీఈలోనే ప్రాసెసర్ మీద ఆ భారం లేని అల్ట్రా డీఎంఏ మోడ్-2 33, అల్ట్రా2 వైడ్ స్కజీ 80, ఐడీఈ అల్ట్రా డీఎంఏ మోడ్-6 133, ఐడీఈ తర్వాత వచ్చిన సాటా మొదటి తరం 150, అల్ట్రా160 స్కజీ 160.

జంపర్: సాటా సెకనుకు 1.5 గిగాబిట్లు కదా. 8తో భాగిస్తే 187 రావాలి.

పాతపెట్టె: తీగ మీద ప్రతి 8 బిట్లూ 10 బిట్లుగా మారి వెళ్తాయండీ. అందుకని 10తో భాగించాలి.

ఐడీ_ఏడు: స్కజీ 80 కన్నా ఐడీఈ 133ని పైన పెట్టారు. ఆ వరస మార్చండి. ఆ కాలపు 7,200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు తిరిగే) డిస్కు పళ్లెం మీంచి సెకనుకు 50, 60 ఎంబీ వస్తే గొప్ప. 133 ఎక్కణ్ణుంచి వస్తుంది? డిస్కులోని 8 ఎంబీ క్యాష్ (తాత్కాలిక మెమరీ) నుంచి. అది 0.06 సెకన్లలో ఖాళీ.

రిబ్బన్_కేబుల్: పట్టిక పేరేమిటి అన్నా? ఇంటర్‌ఫేస్‌ల వేగం. డిస్కుల వేగం కాదు. తీగ 133 మోయగలదు, అది నిజం. 40 తీగల కేబుల్ తీసి 80 తీగలది ఎందుకు పెట్టారు? మోడ్-2 దాటితే పక్క తీగ సిగ్నల్ దీన్లోకి రాకుండా మధ్యలో 40 గ్రౌండ్ తీగలు వేశారు. పిన్నులు మాత్రం అవే 40. ఆ వేగం అబద్ధమైతే ఆ కష్టమంతా ఎందుకు?

ఐడీ_ఏడు: నేను కేబుల్ గురించి అడగలేదు.

రిబ్బన్_కేబుల్: మీరు 133 గురించి అడిగారు. 133 ఆ కేబుల్ వల్లే వచ్చింది.

బూట్‌సెక్టార్: విండోస్ ఎక్స్‌పీలో సీఆర్‌సీ లోపాలు (డేటా దారిలో చెడిందని తేలినవి) ఆరు పోగయ్యాయంటే డీఎంఏ వేగం ఒక మెట్టు తగ్గేది, అవి ఇంకా వస్తూనే ఉంటే చివరికి పీఐఓకి దిగిపోయేది. నా 30 జీబీ డిస్కు అలా సెకనుకు 3 ఎంబీతో దాదాపు మూడు గంటలు కాపీ అయింది. ప్రాసెసర్ అంతా దానికే సరి. కారణం నలిగిన కేబుల్.

ఐడీ_ఏడు: సరే, నా సంగతి చెప్తాను. నేను పనిచేసిన చోట ఇరవై మంది ఒకే సర్వర్ మీద లెక్కలు రాసేవాళ్లు. అల్ట్రా2 స్కజీ, నాలుగు డిస్కులు. పైవాళ్లు ఇలాంటి పట్టికే చూసి, 80 కన్నా 133 ఎక్కువని ఐడీఈకి మార్చమన్నారు. వద్దని కాగితం మీద రాసిచ్చాను. మార్చారు. పొద్దున పది దాటితే ఒక్క రసీదు తెరుచుకునేది కాదు. తిట్లు నాకు పడ్డాయి, యంత్రం సరిగ్గా పెట్టలేదని. స్కజీలో డిస్కు ఆదేశం అందుకుని బస్సు (డిస్కులన్నీ పంచుకునే తీగల దారి) వదిలేస్తుంది. అది చదివే తల కదుపుకునేలోగా మరో డిస్కు మాట్లాడుతుంది. ఐడీఈలో ఒకే కేబుల్ మీద మాస్టర్ (మొదటి డిస్కు) పని చేస్తుంటే స్లేవ్ (రెండోది) నోరు మూసుకుని కూర్చోవాలి.

రిబ్బన్_కేబుల్: మీ బాధ అర్థమైంది. కానీ తప్పు ఐడీఈ మీద వేస్తున్నారు. పాత స్కజీ డిస్కులు ఎన్ని ఆర్‌పీఎం?

ఐడీ_ఏడు: 10,000.

రిబ్బన్_కేబుల్: అదీ! 10,000కి సగటున అర చుట్టు తిరగడానికి 3 మిల్లీసెకన్లు, 7,200కి 4.17. డిస్కు నెమ్మదిస్తే ఇంటర్‌ఫేస్‌ని తిడతారా?

ఐడీ_ఏడు: ఆ డిస్కులు ఐడీఈకి దొరికితే గదా! 2003లో సాటా మీద రాప్టర్ డిస్కు వచ్చేదాకా 10,000 కావాలంటే స్కజీకే వెళ్లాలి. తీగని విడిగా, డిస్కుని విడిగా ఎవరు కొన్నారు? నువ్వు కాగితం మీద విడదీస్తున్నావు. నేను సర్వర్ ముందు కూర్చున్నాను.

రిబ్బన్_కేబుల్: నువ్వు అనకండి. వయసు చూసి అన్నా అంటున్నాను.

జంపర్: ఇద్దరూ కాస్త ఆగండి.

ఐడీ_ఏడు: క్షమించు తమ్ముడూ. తీగ 133 మోస్తుంది, ఒప్పుకుంటాను, మొదటినుంచీ తెలుసు. నాకు నచ్చనిది ఆ అంకె కాదు. ఒక్కడే కూర్చుని ఒక పెద్ద ఫైలు కాపీ చేసుకునే పనికీ, ఇరవై మంది చిన్న చిన్న ముక్కలు ఒకేసారి అడిగే పనికీ కలిపి ఒకే వరసలో అంకె రాయడం. అది చదివి నిర్ణయం తీసుకునేవాళ్లుంటారు.

రిబ్బన్_కేబుల్: చదివేవాడు తప్పుగా చదువుతాడని నిజమైన అంకెని కిందికి దింపం కదా. నేను ఇంట్లో ఒంటరిగానే వాడాను, నాకు ఐడీఈ ఏనాడూ తక్కువ చెయ్యలేదు. స్కజీ వాళ్లు దాన్ని బొమ్మలా చూస్తే నాకు మండుతుంది.

పాతపెట్టె: పక్కన ఇంకో గడి వేస్తాను, ఒక కేబుల్ మీద ఎన్ని డిస్కులు, ఒకేసారి పనిచేస్తాయా లేదా అని. వరస మాత్రం మార్చను.

ఐడీ_ఏడు: గడి వెయ్యండి. వరస గురించి నా మాట అదే.

రిబ్బన్_కేబుల్: ఇప్పుడే నా పాత కంప్యూటర్ తెరిచి చూశాను. రెండు డిస్కులూ ఒకే కేబుల్ మీద పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి కాపీ చేశాను. తర్వాత రెండో డిస్కుని సెకండరీ (రెండో) కేబుల్‌కి మార్చి అదే ఫైలు మళ్లీ చేశాను. రెండోసారి చాలా ముందే అయిపోయింది. డిస్కులు అవే, అంకె అదే. 133 మాత్రం ఉండాలి.

ఐడీ_ఏడు: ఆ రోజు నేను రాసిచ్చిన కాగితంలో ఉన్నదీ అదే.