నాయిన దగ్గరున్న మగ్గం మాటలు: సేకరణ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న — ఖాళీకండె

సభ్యులందరికీ నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో నేతపని మీద బతికిన ఊరు. మా నాయిన 50 ఏళ్లకు పైగా గుంట మగ్గం మీద చిటికి (ఇక్కత్) చీరలు నేశారు. ఇప్పుడు ఆయనకు 76 ఏళ్లు. చూపు తగ్గడంతో నేత మానుకున్నా మగ్గం మాత్రం ఇంట్లో అలాగే ఉంది. పనిముట్లకు, ముడులకు, నేతలో వచ్చే లోపాలకు ఆయన వాడే పదాల్లో నాకు సగం కూడా తెలియవు. వాటిని బొమ్మలతో సహా ఒక చిన్న పదకోశంగా కూర్చాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను.

మంచి రికార్డరు ఉంటే బాగుంటుందనుకున్నాను. కొన్నాను, అది ఇంకా పెట్టెలోనే ఉంది. హైదరాబాదులో ఉద్యోగం కాబట్టి పది రోజుల సెలవు ఒకేసారి దొరకాలనుకున్నాను, దొరకలేదు. ఆపైన భాషాశాస్త్రం కొంత చదవాలనుకున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశంలో చేనేత సంపుటి 1971లోనే వచ్చిందని తెలిశాక, ఇక నేను కొత్తగా చేసేదేముంది అన్న సందేహం కూడా తోడైంది. గత వేసవిలో మా పెద్దనాయిన పోయారు. రంగుల అద్దకం సంగతులు ఆయనకు తెలిసినంతగా మా నాయినకు తెలియవు. ఏమేమి సిద్ధం చేసుకున్నాక ఈ పనిలోకి దిగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 — పెన్నఒడ్డు

మీరు సిద్ధం చేసుకోవలసింది ఏమీ మిగిలి లేదని నా అభిప్రాయం. మా కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ సంగతి చూడండి. వేమన పద్యాల తాళపత్రాలు ఒకదానితో ఒకటి పొసగని స్థితిలో చేతికి వచ్చినా, ప్రతులన్నీ దొరికేదాకా ఆయన ఆగలేదు. 1829లో 693 పద్యాలతో పుస్తకం అచ్చువేయించారు. పదేళ్ల తరువాత, 1839లో, 1164 పద్యాలతో మరో కూర్పు వచ్చింది. మొదటి పుస్తకంలో లేనివి దాదాపు అయిదు వందలన్న మాట. పుస్తకం అసంపూర్ణమన్న సంగతి ఆయనకు తెలియక కాదు, కానీ అచ్చయిన ప్రతి ఎదురుగా ఉన్నప్పుడే ఇంకా ఏవి లేవో ఎవరైనా చెప్పగలిగేది. మీ నాయిన గారికి కూడా ఒక పేజీ రాసి చదివి వినిపించండి. అందులో లేనివి ఆయనే చెబుతారు.

జవాబు 2 — పాఠశాల గంట

నేను తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించాను. పిల్లలచేత వాళ్ల ఇళ్లలోని వృత్తి పదాలు చాలాకాలం సేకరింపజేశాను కాబట్టి రెండు మూడు సంగతులు చెప్పగలను.

1971 సంపుటి ఉండడం మీకు అడ్డంకి కాదు, అదృష్టం. దానిని మీ ప్రశ్నాపత్రంగా పెట్టుకోండి. ఒక్కొక్క పదం చదివి, "దీన్ని మన దగ్గర ఏమంటారు నాయినా?" అని అడగండి. ఒక్కోసారి అదే మాట అంటారు, ఒక్కోసారి వేరే మాట చెబుతారు, ఒక్కోసారి "గది మన దగ్గర లేదు" అంటారు. ఆ మూడు జవాబులూ రాసుకోదగినవే. ఒక పదకోశం ప్రతి ఊరి మాటనూ పట్టుకోగలదని దాన్ని కూర్చినవారు కూడా అనుకుని ఉండరు.

అయితే "దీని అర్థమేమిటి" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న వేయగానే పెద్దవాళ్లు బడిలో నిలబడినట్లు బిగుసుకుపోయి, మీకు తెలిసిన పుస్తకపు మాటనే తిరిగి మీకు చెబుతారు. అది విరిగితే ఏం చేస్తారు, తెగితే ఎలా అతుకుతారు, కొత్తగా నేర్చుకునేవాడు ఎక్కడ తప్పు చేస్తాడు అని అడిగితే, మాటలు వాటంతట అవే వస్తాయి. వీలైతే ఆయనను మగ్గం దగ్గర కూర్చోబెట్టండి. పనిముట్టు చేతిలో ఉంటే జ్ఞాపకం వేరుగా పలుకుతుంది. నాడె (పడుగు మధ్య పేక నూలును అటూ ఇటూ నడిపే పనిముట్టు) పట్టుకున్న మనిషి చెప్పే మాట కుర్చీలో కూర్చున్న మనిషికి తట్టదు. సెలవు అక్కరలేదు, ఆదివారానికి ఒక పనిముట్టు చాలు. ఫోను ఉంది కదా, ఆ రికార్డరు పెట్టె తెరవకపోయినా నష్టం లేదు.

జవాబు 3 — ఆసుపిన్ను

మీ పక్క ఊళ్లవాడిని కాబట్టి చనువుగా రాస్తున్నాను, అన్నా. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక చీరకు ఆసు పోయాలంటే, అంటే రంగులద్దే ముందు పోగును మేకుల చుట్టూ వరుసగా చుట్టాలంటే, చేతిని 9000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆయన 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టారు. బడి చదువు ఆరో తరగతితోనే ఆగిపోయింది. చేతిలో డబ్బు కూడా లేదు. ఒక భాగం కుదిరాక తరువాతి భాగం చూసుకుంటూ, డబ్బు అయిపోతే హైదరాబాదులో పని చేసుకుంటూ, 1999 నాటికి పూర్తి చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అయితే ఇంట్లో యంత్రం వచ్చాక చేతితో ఆసు పోసే పనిలోని మాటలు పలికే అవసరం తగ్గిపోయింది. మీ అమ్మగారు ఆసు పోసి ఉంటే ముందు ఆమెను అడగండి. ప్రశ్నంతా నాయిన గురించే రాశారు, అమ్మ ఊసే లేదు.

జవాబు 4 — నిదానం

పై వారితో కొంత విభేదిస్తున్నాను. తొందరలో రాసిన తప్పు మాట పుస్తకంలోకి ఎక్కితే దాన్ని దింపడం కష్టం. ఈరోజే మొదలుపెట్టడం మంచిదే కానీ, ప్రతి పదం పక్కన ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ తేదీనో తప్పక రాయండి. విన్నది విన్నట్లు రాయండి; గ్రాంథికంగా దిద్దకండి.

ప్రశ్న వేసినవారి మలి జవాబు — ఖాళీకండె

అందరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం ఊరికి వెళ్లి, ఫోను మగ్గం పక్కన పెట్టి, అచ్చు అతకడం గురించి మాత్రమే అడిగాను. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఎలా అతుకుతారో నాయిన గంటన్నర చెప్పారు. పక్కింటివారి మిక్సీ శబ్దం రికార్డింగులో నిండిపోయింది, అయినా మాట వినబడుతోంది. 31 పదాలు వచ్చాయి. వాటిలో తొమ్మిది నేను ఇంతకు ముందు విననివి. ఆసు పోయడం గురించి అమ్మను అడిగితే, "ఇన్నేళ్లకు అడిగినవా" అని నవ్వి, వచ్చే ఆదివారం చెబుతానన్నారు. పేజీ చదివి వినిపిస్తే నాయిన రెండు చోట్ల ఆపి, ఆ మాట తమది కాదని, పెద్దనాయిన వాళ్ల అత్తగారి ఊరిదని చెప్పారు. నిదానం గారు చెప్పినట్లు అదీ పక్కనే రాశాను.