సమస్య: శనియె మేలొసంగుఁ జంపు గురుఁడు

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగవ పాదం. లోకమంతా శుభగ్రహమని కొలిచే గురుడు చంపటం, పేరు వింటేనే జనం జంకే శని మేలు చేయటం ఎట్లా పొసగుతాయో జాతకశాస్త్రాన్ని అతిక్రమించకుండా సమర్థించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

మొదటి పూరణ

తులకు నాలుగైదు దొరతనమ్ము శనిది,
గురుఁడు మూఁడు నాఱుఁ బొంది పాపి;
జాతకమ్ముఁ జూచి శాస్త్రమ్ము నెఱుఁగుమా,
శనియె మేలొసంగుఁ జంపు గురుఁడు.

సమీక్ష: తులాలగ్నానికి (పుట్టిన వేళ ఉదయించే రాశి లగ్నం, అదే మొదటి ఇల్లు) శని ఇళ్లైన మకరకుంభాలు నాలుగు, అయిదు స్థానాలు గనుక కేంద్రకోణాధిపత్యంతో (నాలుగు కేంద్రం, అయిదు కోణం) శని యోగకారకుడు, అంటే మేలు చేసేవాడు, అయిన మాట నిజమే. రెండవ పాదంలో 'గు', 'బొ' అచ్చులు కుదిరినా హల్లులు కుదరక యతి తప్పింది. 'గూడి పాపి' అంటే చాలు. అసలు చిక్కు 'చంపు' దగ్గర ఉన్నది. మూడు, ఆరు ఇళ్ల ఆధిపత్యం వల్ల పాపి (కీడు చేసేవాడు) అయినంత మాత్రాన చంపడు. మారకస్థానాలు, అంటే చావును సూచించే ఇళ్లు, రెండు, ఏడు; తులకు ఆ రెండూ కుజుని ఇళ్లే. సమస్యలోని బరువంతా ఆ ఒక్క క్రియ మీదనే ఉండగా, మీ గురుడు కీడు చేసి ఊరుకున్నాడు.

పూరించినవారి మాట: యతి సవరణకు కృతజ్ఞుడను. మూడు, ఆరు చూసి సంబరపడి మారకం సంగతి మరచిపోయాను.

రెండవ పూరణ

కుంభలగ్నమునకుఁ గొలువైన పతి శని,
ధనము నేలు దొరయె తనువు నడఁచు;
మారకమ్ముఁ దెలిసి మాటాడు దైవజ్ఞ!
శనియె మేలొసంగుఁ జంపు గురుఁడు.

సమీక్ష: కుంభానికి రెండవ ఇల్లు మీనం కాబట్టి, ధనాధిపతియైన గురుడే మారకుడూ అవుతాడన్న కిటుకును 'ధన', 'తను' శబ్దాల నడుమ యతిలోనే ఇమిడ్చిన తీరు ముచ్చటగా ఉన్నది. శనికి వ్యయాధిపత్యం (పన్నెండవ ఇంటి ఆధిపత్యం) కూడా ఉన్నదని ఎవరైనా ఆక్షేపించవచ్చు గాని, లగ్నాధిపత్యం దాన్ని మించుతుంది.

మూడవ పూరణ

వార మెల్ల బడియె వారికి సెలవేది,
బాలు రనిరి యిట్లు భయముతోడ:
"ఆటపాట కొక్కటది చాలు మా కయా,
శనియె మేలొసంగుఁ జంపు గురుఁడు."

సమీక్ష: శనిని వారంగా, గురుని పంతులుగా మార్చి గ్రహాల బెడదే లేకుండా చేశారు. 'యిట్లు' పాదం నింపటానికే వచ్చింది. నియమం ప్రకారం దీన్ని లెక్కలోకి తీసుకోలేను గాని, చదివినప్పుడు నవ్వకుండా ఉండలేకపోయాను.